రాజు మారితే భూమి ఎవరి పేర ఉంటుంది? 1066 నాటి ఇంగ్లండు, మన ఉదయగిరి

కందుకూరు నుంచి ఒకమ్మాయి అడిగిన ప్రశ్న ఇది: "1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక అక్కడి సమాజం, చట్టం, పాలన ఎలా మారాయి? రాజులు మారినా ఊళ్ళు మారవని మా సారు అంటారు, నిజమేనా? కృష్ణదేవరాయలు మన ఉదయగిరిని గెలవడంతో దీన్ని పోల్చి రాయవచ్చా?"

అమ్మా, నేను చదివింది చరిత్ర ఎం.ఏ. అయినా ఉద్యోగమంతా రెవెన్యూలోనే గడిచింది. నెల్లూరు, ప్రకాశం జిల్లాల తహసీల్దారు కచేరీల్లో అడంగళ్ళు, పాత సర్వే రిజిస్టర్లయిన ఆర్‌ఎస్‌ఆర్‌లు తిరగేసినవాణ్ణి. అందుకని నా జవాబు కొంచెం కచేరీ వాసన వేస్తుంది, ఓర్చుకో. ఏ దండయాత్ర గురించి చదివినా యుద్ధం పేజీలు గబగబా తిప్పేసి నేను వెతికేది ఒకటే. భూమి అంతకు ముందు ఎవరి పేర ఉంది, ఆ తర్వాత ఎవరి పేరకు మారింది, ఆ మార్పును ఎవరు రాసుకున్నారు? ఇలా చూస్తే మీ సారు మాట సగం నిజం. దున్నేవాడు మారలేదు. వాడి నెత్తిన కూర్చున్నవాడు మారాడు. కొన్నాళ్ళకు దున్నేవాడి స్థితి కూడా దిగజారింది.

ముందుగా ఒక సంగతి. నార్మన్లు వచ్చేనాటికి ఇంగ్లండు పాలన లేని అడవి కాదు. దేశమంతా షైర్లుగా, ఒక్కో షైరు 'హండ్రెడ్' అనే చిన్న విభాగాలుగా ఉండేది. మన జిల్లా, తాలూకా లాంటి అమరిక. షైరులో రాజు తరఫున షెరీఫు ఉండేవాడు. ప్రతి ఊరికీ ఇన్ని 'హైడ్'లని భూమి కట్టి, దాని మీద 'గెల్డ్' అనే పన్ను దేశమంతటా ఒకే పద్ధతిలో వసూలు చేసేవారు. నాణేల ముద్రణ రాజు చేతిలో ఉండేది. రాజు ఆజ్ఞ 'రిట్' అనే చిన్న చీటీగా, రాజముద్రతో షైరు కోర్టుకు చేరేది. ఇంత బిగువైన యంత్రాంగం నార్మన్ల నాయకుడు విలియంకు అతని సొంత సీమ నార్మండీలో (ఫ్రాన్సు ఉత్తర తీరం) లేదు. గెలిచాక అతను దాన్ని పగలగొట్టలేదు, పట్టుకున్నాడు.

అందుకే నేను అనేదేమంటే, ఇంగ్లండు అంత లోతుగా మారడానికి కారణం నార్మన్లు తెచ్చిన కొత్త కన్నా సాక్సన్లు, అంటే అంతకు ముందున్న ఇంగ్లీషువాళ్ళు, బాగా రాసిపెట్టుకున్న పాత. ఎవడికి ఎంత భూమి ఉందో తెలియని దేశంలో గెలిచినవాడు కోటలు పట్టుకోగలడు, కప్పం గుంజుకోగలడు, అంతే. ఎవడి భూమి ఎంతో, పన్ను ఎంతో తేలి ఉన్న దేశంలో మాత్రం పేర్లు కొట్టేసి కొత్త పేర్లు రాసుకోగలడు. పరీక్షలో వందమంది రాసే "నార్మన్లు ఫ్యూడలిజం (సైనిక సేవకు బదులుగా ప్రభువు భూమి ఇచ్చే వ్యవస్థ) తెచ్చారు" అనే వాక్యం కన్నా ఇది పనికొస్తుంది.

ఇక జరిగింది చూడు. 1066 జనవరి 5న ఎడ్వర్డ్ రాజు పిల్లలు లేకుండా పోయాడు. మర్నాడే ఇంగ్లీషు ప్రభువు హెరాల్డ్ కిరీటం పెట్టుకున్నాడు. సెప్టెంబరు 25న స్టామ్‌ఫర్డ్ బ్రిడ్జి దగ్గర నార్వే రాజును ఓడించి, అక్టోబరు 14న హేస్టింగ్స్‌లో విలియం చేతిలో చచ్చిపోయాడు. డిసెంబరు 25న వెస్ట్‌మిన్‌స్టర్‌లో విలియం పట్టాభిషేకం. కథ అందరికీ తెలిసిందే. తెలియాల్సింది విలియం పెట్టుకున్న వాదన. "నేను గెలవలేదు, ఎడ్వర్డ్‌కు న్యాయమైన వారసుణ్ణి" అన్నాడు. అంటే హెరాల్డ్ ఏలిన తొమ్మిది నెలలు లెక్కలోంచి ఎగిరిపోయాయి. విలియం చేయించిన 1086 భూముల సర్వేలో పాత హక్కులన్నీ "ఎడ్వర్డ్ రాజు కాలంలో" అనే రాశారు. హెరాల్డ్‌ను చాలాచోట్ల రాజు అనరు, 'ఎర్ల్' (రాజు కింది పెద్ద ప్రభువు) అంటారు. సివిల్ దావాలు చూసినవాళ్ళకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. మధ్యలో స్వాధీనంలో ఉన్నవాడి హక్కు చెల్లదని తేల్చేస్తే, అతని ద్వారా వచ్చినవాళ్ళ హక్కులన్నీ కూలిపోతాయి.

తొలి రెండేళ్ళు విలియం ఇంగ్లీషు పెద్దల్లో చాలామందిని ఉండనిచ్చాడు. ఎడ్విన్, మోర్కార్, వాల్థియోఫ్ లాంటి ఎర్ల్‌లు పదవుల్లో కొనసాగారు. 1067లో లండన్ వాసులకు ఇంగ్లీషు భాషలోనే ఒక రిట్ పంపాడు. ఎడ్వర్డ్ నాటి చట్టాలే మీకూ వర్తిస్తాయి, తండ్రి ఆస్తి బిడ్డకు చెందుతుంది అని దాని సారం. తర్వాత తిరుగుబాట్లు లేచాయి. 1069-70 చలికాలంలో ఉత్తరాన యార్క్‌షైర్ ప్రాంతాన్ని తగలబెట్టించాడు. పంట, పశువు, నాగలి ఏదీ మిగలకుండా చేయడంతో జనం ఆకలికి చచ్చారు. పదహారేళ్ళ తర్వాత సర్వే చేసినవాళ్ళు అక్కడ ఊరు తర్వాత ఊరికి "బీడు" అని రాసుకుంటూ పోవలసి వచ్చింది. ఊళ్ళు మారవనేవాళ్ళకు ముందు ఆ పేజీలు చూపించాలి. తిరుగుబాటు అయినప్పుడల్లా భూములు జప్తు, జప్తు అయినప్పుడల్లా ఒక నార్మన్‌కు దానం. వాల్థియోఫ్ తల 1076లో తెగింది.

జప్తు చేసి ఇచ్చిన తీరు గమనించు. చాలాచోట్ల ఫలానా ఇంగ్లీషువాడి భూమంతా, అది ఎన్ని షైర్లలో చెదిరి ఉన్నా, కట్టగట్టి ఒకే నార్మన్‌కు అప్పగించారు. హక్కుతో పాటు ఆ పాతవాడి బకాయిలు, వ్యాజ్యాలు కూడా కొత్తవాడి నెత్తికే. మరికొన్ని చోట్ల, ముఖ్యంగా సరిహద్దుల్లో, ప్రాంతాన్ని మొత్తంగా ఒకరి చేతిలో పెట్టారు. 1086 నాటికి లెక్క ఇలా తేలింది: నాలుగు వేల పైచిలుకు ఇంగ్లీషు భూస్వాముల స్థానంలో రాజు దగ్గర నేరుగా భూమి పొందిన పెద్ద ప్రభువులు సుమారు 200 మంది. వాళ్ళలో చెప్పుకోదగ్గ ఇంగ్లీషువాళ్ళు ఇద్దరే, ఆర్డెన్ థర్కిల్, లింకన్ కోల్‌స్వేన్. ఒక్క తరంలో పైతరగతి ఇంత మొత్తంగా తుడిచిపెట్టుకుపోవడం ఐరోపా చరిత్రలో అరుదు. దేశం వదిలినవాళ్ళలో కొందరు కాన్‌స్టాంటినోపుల్ చేరి బైజాంటియం చక్రవర్తి అంగరక్షక దళంలో కూలికి కత్తి పట్టారు.

ఆ సర్వే పేరు డూమ్స్‌డే. 1085 క్రిస్మస్‌కు గ్లోస్టర్‌లో కొలువుదీరినప్పుడు విలియం దీనికి ఆజ్ఞ ఇచ్చాడు. మరుసటి ఏడాది కమిషనర్లు దేశం మీద పడ్డారు. లండన్, వించెస్టర్, ఉత్తరాన కొంత మేర తప్ప 13,000కు పైగా ఊళ్ళు, స్థలాలు లెక్కకెక్కాయి. ఈలీ మఠం దగ్గర మిగిలిన ప్రతిలో వాళ్ళు వేసిన ప్రశ్నలున్నాయి. ఈ భూమి పేరేమిటి, ఎడ్వర్డ్ కాలంలో ఎవరిది, ఇప్పుడెవరిది, ఎన్ని హైడ్‌లు, ఎన్ని నాగళ్ళు, రైతులెందరు, బానిసలెందరు, అడవి ఎంత, పచ్చిక ఎంత, మిల్లులు ఎన్ని, చేపల చెరువులెన్ని, అప్పుడు విలువెంత, ఇప్పుడెంత? చివర్న ఒక ప్రశ్న ఉంది, ఏ సెటిల్‌మెంటు అధికారి అయినా చదివి ముసిముసిగా నవ్వుకుంటాడు: ఇంతకన్నా ఎక్కువ రాబట్టవచ్చా?

జవాబు చెప్పింది ఎవరనుకున్నావు? ప్రతి ఊరి నుంచి పాదిరి, గ్రామాధికారి, ఆరుగురు రైతులు ప్రమాణం చేసి చెప్పారు. హండ్రెడ్ స్థాయిలో ప్రమాణం చేసిన పెద్దల్లో, పేర్లు మిగిలిన చోట, సగం నార్మన్లు, సగం ఇంగ్లీషువాళ్ళు. భూమి పోగొట్టుకున్న జాతి నోటితోనే ఆ భూమి ఇప్పుడు ఎవరిదో చెప్పించి రాయించుకున్నారు. హక్కును గట్టిచేసుకోవడానికి దీన్ని మించిన ఉపాయం లేదు. కొన్ని షైర్లలో వివాదాల పట్టిక వేరుగా ఉంది. ఫలానావాడు నా భూమి అన్యాయంగా తీసుకున్నాడని, షైరు పెద్దలు ఇలా సాక్ష్యం చెప్పారని. మన ఆర్‌ఎస్‌ఆర్‌లో పట్టాదారు గడిలో పేరు బదులు చుక్కలు పెట్టి వదిలేసిన భూములతో ఈ రెండు జిల్లాల రైతులు ఎంత అగచాట్లు పడ్డారో నువ్వు ఇంట్లో వినే ఉంటావు. డూమ్స్‌డేలో చుక్కల భూములు లేవు. వివాదమున్నా సరే, ప్రతి గడిలో ఒక ప్రభువు పేరుంటుంది. ఆ ప్రభువు పైన రాజుంటాడు. 'భూమి అంతా అంతిమంగా రాజుది, మిగిలినవాళ్ళు అతని కింద అనుభవదారులు' అనే సూత్రం అక్కడ బలపడింది. ఆ ఏడాదే, 1086 ఆగస్టులో, సాల్స్‌బరీలో భూస్వాములంతా విలియంకు నేరుగా విధేయత ప్రమాణం చేశారు. తమ పైప్రభువు ఎవరైనా సరే, రాజుకే ముందు.

చట్టం దగ్గరికి వద్దాం. పాత చట్టమే ఉంటుందని మాటిచ్చాడు, చాలావరకు ఉంచాడు కూడా. షైరు కోర్టు, హండ్రెడ్ కోర్టు అలాగే కూర్చున్నాయి. చేర్చినవి కొన్నే, కానీ గెలిచినవాడి భయం ఏమిటో వాటిలో కనిపిస్తుంది. మొదటిది 'మర్డ్రమ్' జరిమానా. ఎవరైనా నార్మన్ హత్యకు గురై, హంతకుణ్ణి పట్టి అప్పగించలేకపోతే ఆ హండ్రెడ్ మొత్తం జరిమానా కట్టాలి. తప్పించుకోవాలంటే చచ్చినవాడు ఇంగ్లీషువాడని నిరూపించాలి. అంటే శవానికి జాతి పరీక్ష. జనం కలిసిపోయి ఎవరు ఎవరో తెలియని కాలం వచ్చాక కూడా ఇది జరిమానా రాబడి కోసం బతికే ఉంది. చివరికి 1340లో రద్దయింది. జరిమానా ఆదాయం రుచి మరిగిన ప్రభుత్వం దాన్ని ఎంత నెమ్మదిగా వదులుతుందో చూడు.

రెండోది ద్వంద్వయుద్ధంతో తీర్పు. సాక్సన్లకు దివ్యపరీక్షలు తెలుసు, కాలిన ఇనుము పట్టడం, నీళ్ళలో దించడం. వాదిప్రతివాదులు కర్రలు పట్టుకుని కొట్టుకుని న్యాయం తేల్చుకోవడం నార్మన్లు తెచ్చినది. ఇంగ్లీషువాడికి నచ్చకపోతే దివ్యపరీక్షనే కోరుకోవచ్చని వెసులుబాటు ఇచ్చారు. మూడోది అడవి చట్టం. రాజు వేట కోసం ఊళ్ళతో సహా పెద్దపెద్ద ప్రాంతాలను 'ఫారెస్టు'గా ప్రకటించి, మామూలు చట్టం అక్కడ పనిచేయకుండా చేశారు. జింకను చంపినవాడి కళ్ళు తీయించేవాడని విలియం చనిపోయిన ఏటి పద్దులో ఆనాటి ఇంగ్లీషు వృత్తాంతకర్త రాసిపెట్టాడు. సామాన్యుడికి అన్నిటికన్నా కడుపు మండించింది ఇదే. కట్టెపుల్ల, పందుల మేత, పొట్ట నింపే కుందేలు, అన్నీ నేరాలయ్యాయి. నాలుగోది, మతసంబంధ వ్యాజ్యాలను హండ్రెడ్ కోర్టుల్లోంచి తీసి బిషప్పులకు ఇవ్వడం. నూరేళ్ళ తర్వాత రాజుకూ చర్చికీ మధ్య వచ్చిన పెద్ద గొడవకు విత్తనం ఇందులోనే ఉంది.

చర్చి పెద్దలను కూడా మార్చారు. 1070లో కాంటర్‌బరీ ఆర్చిబిషప్ స్టిగాండ్‌ను దించి లాన్‌ఫ్రాంక్‌ను కూర్చోబెట్టారు. బిషప్పుల్లో ఇంగ్లీషువాళ్ళు ఒక్కొక్కరే తగ్గిపోయి చివరికి వూస్టర్ వుల్ఫ్‌స్టన్ ఒక్కడే మిగిలాడు, 1095లో చనిపోయేదాకా. పాత గుళ్ళు పడగొట్టి రాతితో భారీ కట్టడాలు లేపారు. రాజశాసనాలు 1070 ప్రాంతం నుంచి ఇంగ్లీషు వదిలి లాటిన్‌కు మారాయి. పైవాళ్ళ నోట ఫ్రెంచి. కోర్టు వాదనలు ఇంగ్లీషులో జరగాలని చట్టం వచ్చింది 1362లో. అప్పటికి మూడు వందల ఏళ్ళు నడిచాయి.

ఇప్పుడు దున్నేవాడి సంగతి. ఊళ్ళో ఎనిమిది ఎద్దుల నాగలి మారలేదు, దుక్కి మారలేదు. కానీ సొంత హక్కుతో, ఇష్టమైన ప్రభువును ఎంచుకునే స్వేచ్ఛతో ఉన్న 'సోక్‌మెన్' అనే రైతులు కేంబ్రిడ్జ్‌షైర్‌లో ఎడ్వర్డ్ కాలంలో సుమారు 900 మంది ఉంటే, 1086కల్లా రెండొందల చిల్లరకు పడిపోయారు. వాళ్ళు చావలేదు, పారిపోలేదు. ప్రభువు పొలంలో వెట్టి చేసే రైతుల పద్దులోకి జారిపోయారు. ఇంకోపక్క, సర్వేలో పదోవంతు దాకా ఉన్న బానిసలు తర్వాతి యాభై ఏళ్ళలో దాదాపు కనుమరుగయ్యారు. 1102లో వెస్ట్‌మిన్‌స్టర్‌లో జరిగిన చర్చి సభ మనుషుల అమ్మకాన్ని నిషేధించింది. దీన్ని నార్మన్ల దయగా రాయకు. బానిసను ఏడాది పొడవునా మేపడం కన్నా చిన్న చెక్క భూమి ఇచ్చి పని చేయించుకోవడం ప్రభువుకు లాభం. కింద ఉన్నవాడు ఒక మెట్టు ఎక్కాడు, పైనున్నవాడు రెండు మెట్లు దిగాడు, ఇద్దరూ ఒకేచోట కలిశారు.

ఆడవాళ్ళ గురించి ఎవరూ రాయరు, నువ్వు రాయి. సాక్సన్ ఇంగ్లండులో పైతరగతి స్త్రీలు సొంత పేర భూములు ఉంచుకునేవాళ్ళు, వీలునామాలు రాసేవాళ్ళు. భూమికీ సైనిక సేవకూ ముడిపడ్డాక, వారసురాలు ఎవరిని పెళ్ళాడుతుందన్నది పైప్రభువు చేతిలోకి పోయింది. భర్త పోయిన స్త్రీని మళ్ళీ పెళ్ళికి ఒత్తిడి చేయడం, మైనరు ఆస్తిని సంరక్షణ పేరుతో పిండుకోవడం ఎంత ముదిరాయంటే, 1100లో విలియం కొడుకు హెన్రీ I పట్టాభిషేకం నాడు వీటిని సరిచేస్తానని లిఖితపూర్వకంగా మాటివ్వాల్సి వచ్చింది. ఆ హెన్రీయే పాత ఇంగ్లీషు రాజవంశపు రక్తమున్న పిల్లను పెళ్ళాడాడు. మరో డెబ్బై ఎనభై ఏళ్ళకు, స్వేచ్ఛ ఉన్న జనంలో ఎవరు ఇంగ్లీషో ఎవరు నార్మనో చెప్పడం కష్టమని రాజు ఖజానా అధికారి రిచర్డ్ ఫిట్జ్‌నీల్ రాశాడు.

పాలనలో కొత్తగా వచ్చినదాంట్లో నాకు ఇష్టమైనది రాజు లెక్కల కచేరీ, ఎక్స్‌చెకర్. హెన్రీ I కాలంలో కుదురుకుంది. గళ్ళ గుడ్డ పరిచిన బల్ల మీద బిళ్ళలు జరుపుతూ, ఏడాదికి రెండుసార్లు షెరీఫులను నిలబెట్టి పైసాపైసా లెక్క అడిగేవారు. దాని పద్దుల చుట్టల్లో మిగిలినవాటిలో అన్నిటికన్నా పాతది 1130 నాటిది. జమాబందీలో (ఏటా జరిగే ఊరి లెక్కల తనిఖీలో) కలెక్టరు ముందు చేతులు కట్టుకుని నిలబడినవాణ్ణి గనుక ఆ షెరీఫుల గుండెదడ నాకు బాగా తెలుసు. రాజు సగంకాలం సముద్రానికి అవతల నార్మండీలో ఉండేవాడు. రాజు లేకపోయినా నడిచే కచేరీ కావలసి వచ్చింది. దూరంగా ఉండే ప్రభువు వల్లే కాగితం బలపడింది.

ఇక మన ఉదయగిరి. కృష్ణదేవరాయలు 1513లో ముట్టడి మొదలుపెట్టి 1514లో కోట పట్టాడు. ఉదయగిరిని ఏలుతున్న ఒడిశా రాజు ప్రతాపరుద్ర గజపతి బంధువు తిరుమల రాహుతరాయలు పట్టుబడ్డాడు. కోటలోని బాలకృష్ణ విగ్రహాన్ని హంపీకి తరలించి అక్కడ గుడి కట్టించాడు. దారిలో అద్దంకి, వినుకొండ లాంటి కోటలు లొంగాయి, 1515లో కొండవీడు పడింది. ఉదయగిరికి రాయసం కొండమరుసు, కొండవీటికి సాళువ తిమ్మరుసు, ఆ తర్వాత అతని మేనల్లుడు నాదెండ్ల గోపమంత్రి అధికారులయ్యారు. అంటే కోట తాళంచెవి చేతులు మారింది. అయితే విజయనగరం తన సేనానులకు జీతంగా ఇచ్చింది 'అమరం'. అది ఆ సీమ రాబడి మీద హక్కు, దాని బదులు ఇంత సైన్యం పోషించాలి. రాజు తలిస్తే ఇంకొకరికి మార్చేస్తాడు. ఊరి రైతు పేరు కొట్టేసి సేనాని పేరు రాయాల్సిన అవసరమే లేదు. కరణం, రెడ్డి, తలారి, మిగతా ఆయగాండ్రు (ఊరి ఉద్యోగులు, పనివాళ్ళు) ఎక్కడివాళ్ళు అక్కడే. గజపతులకు లెక్క చెప్పిన నోటితోనే రాయలవారికీ చెప్పారు. పైగా ఇద్దరూ ఇక్కడ తెలుగులో శాసనాలు వేయించినవాళ్ళే, ఇద్దరూ కొలిచిన దేవుళ్ళు ఒకటే. విలియం వెంట వచ్చిన వేలమందికి సొంత భూమి కావాలి, అదే ఆశతో వాళ్ళు సముద్రం దాటారు. రాయల సైన్యం నెల్లూరు సీమలో కాపురం పెట్టడానికి రాలేదు. తేడా అంతా ఇక్కడుంది. మీ సారు మాట ఉదయగిరికి చాలావరకు సరిపోతుంది, యార్క్‌షైర్‌కు సరిపోదు.

గెలుపుతో చట్టమే మారిన ఉదాహరణ మన తీరంలో కావాలంటే చీరాల దిగువన ఉన్న మోటుపల్లి చూడు. వెలనాడును గెలిచి తీరం చేజిక్కించుకున్న కాకతి గణపతిదేవుడు 1244లో అక్కడ అభయశాసనం వేయించాడు. వీరభద్రస్వామి గుడి స్తంభం మీద ఉంది. గాలివానకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవారని, తాను సుంకం తప్ప ఇంకేమీ ముట్టనని అందులో చెప్పాడు. లోపలి రాజ్యానికి రేవు దొరికితే చట్టం ఎలా మారుతుందో దానికిది సాక్ష్యం. 1358లో కొండవీటి అనవోతారెడ్డి కూడా మోటుపల్లిలో వర్తకులకు శాసనం వేయించాడు. రాజ్యం మారినా వర్తకుడికి ఇచ్చిన మాట మారకూడదని వాళ్ళకు తెలుసు, ఓడ ఇంకో రేవుకు పోతుంది మరి. భూమి హక్కు విషయంలో ఇంగ్లండు లాంటి కుదుపు ఇక్కడ వచ్చింది మధ్యయుగంలో కాదు. 1801లో నెల్లూరు ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చి, మరుసటి ఏడాది వెంకటగిరి లాంటి చోట్ల జమీందారులకు శాశ్వత సన్నదులు (హక్కుపత్రాలు) ఇచ్చినప్పుడు.

పోల్చి రాయవచ్చు కాబట్టి రాయి, కానీ ఉదయగిరికి ఒక్క పేరా చాలు. ఆ పేరా అమరానికీ నార్మన్ భూదానానికీ తేడా చెప్పాలి. ఇంకో జాగ్రత్త. విలియం మునిమనవడు హెన్రీ II చేసినవి విలియం ఖాతాలో వేయకు. ఊరి పెద్దలు ప్రమాణం చేసి నేరస్థుల పేర్లు చెప్పే పద్ధతిని దేశమంతా స్థిరం చేసిన క్లారెండన్ శాసనం 1166 నాటిది. భూమి లోంచి అన్యాయంగా గెంటేసినవాణ్ణి త్వరగా తిరిగి ఎక్కించే రిట్ కూడా ఆ కాలానిదే. జ్యూరీ (ప్రమాణం చేసి చెప్పే పెద్దల బృందం) నార్మన్లదా, సాక్సన్లదా అని పండితులు ఇంకా వాదించుకుంటున్నారు. ఒకవైపు తీర్పు రాసేయకుండా, రెండు వాదనలూ రెండు వాక్యాల్లో పెట్టి ముందుకు పో.